కాగితం మెట్లు

మేడ మీది గది,
వానలు మొదలైన వారం

చెల్లాయ్,

ఉత్తరం చూసి గాభరా పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్ చేస్తే సగం మాటలోనే "క్లాసుందక్కా, మళ్ళీ చేస్తాను" అంటావు. ఆ మళ్ళీ ఎప్పటికీ రాదు. ఉత్తరాన్నయితే మధ్యలో పెట్టెయ్యలేవు కదా అని కలం పట్టుకున్నాను. ఆశీర్వాదాలూ కుశలాలూ వరసగా రాయడం నాన్నకే చేతనయ్యేది. నేను నేరుగా విషయంలోకి వస్తాను.

పోయిన నెల నువ్వు పంపిన పార్సిల్లో బట్టలు నలగకుండా నీ క్లాసుల కరపత్రం ఒకటి మధ్యలో పెట్టావు. బట్టల కంటే నాకు అదే నచ్చింది. "పియానో మొదలుపెట్టడానికి వయసుతో పని లేదు. ఐదేళ్ళవారైనా ఎనభై ఏళ్ళవారైనా రండి" అని వేయించావు. నాకు యాభై ఎనిమిది. అటూ ఇటూ బోలెడు జాగా ఉంది. నన్ను చేర్చుకో.

నవ్వకు. ఈ మధ్య ఎడమచేతి ఉంగరపు వేలు పొద్దున లేచేసరికి కొయ్యలా ఉంటోంది. ఇన్నేళ్ళూ స్కూలు యూనిఫారాల గుడ్డని ఆ చేత్తో ఒత్తిపట్టి, ఈ చేత్తో కత్తిరించాను కదా, కీళ్ళు అరిగాయన్నాడు డాక్టరు. ఇప్పటికైతే వంగుతోంది, ఇంకో ఏడాదికి వంగుతుందో లేదో చెప్పలేనన్నాడు. అది బిగుసుకుపోయే లోపల నాకు ఒక్క పాట రెండు చేతులతో వాయించాలని ఉంది. నీ పియానో పాఠాల మూడో పుస్తకంలో ఆఖరి పాట. నువ్వు ముందు గదిలో సాధన చేసేదానివి, నేను పని నుంచి వచ్చి గిన్నెలు తోముకుంటూ వినేదాన్ని. ఎక్కడ తడబడేదానివో కూడా గుర్తుంది.

ఇంకో మాట. పియానో పెద్దదానికి అని అమ్మ పోయేముందు మనిద్దరి ఎదురుగానే అంది. నీకు క్లాసులున్నాయని కొన్నాళ్ళు ఉంచుకోమన్నది నేనే. ఇప్పుడు నాకు కావాలి. కిటికీ పక్కన మంచం జరిపి చోటు కూడా చేశాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అమ్మ పెట్టే పోయింది, ఇక అడగాల్సింది నిన్నే.

అక్క


ముందు గది,
క్లాసుకీ క్లాసుకీ మధ్య

అక్కా,

నవ్వలేదు. కొంచెమే నవ్వాను.

ఊళ్ళో పిల్లలందరికీ నేర్పేదాన్ని, నీకు నేర్పనా? కాకపోతే ఉన్నమాట చెప్పాలి. కరపత్రం కరపత్రమే. మొక్కై వంగనిది మానై వంగునా అని పెద్దలు ఊరికే అనలేదు. పెద్దవయసువాళ్ళు మహా ఉత్సాహంగా వస్తారు, నాలుగు వారాలకి నడుం నొప్పంటారు, ఆ తర్వాత కూరగాయల దుకాణంలో కనిపిస్తే మొహం తిప్పుకుంటారు. నువ్వూ అలా కావద్దు.

పియానో అంటే బల్లా కుర్చీ కాదు, లారీ ఎక్కించి పంపెయ్యడానికి. కదిపితే శ్రుతి చెడుతుంది. పైగా మీ మేడ మెట్లు ఎంత ఇరుకో నాకు తెలుసు. ముందు నీ వేళ్ళు కుదరనీ, తర్వాత చూద్దాం.

దీంతోపాటు పియానో మీది తెల్ల మెట్లూ నల్ల మెట్లూ బొమ్మగా వేసిన పొడుగు కాగితం పంపుతున్నాను. నా దగ్గర కొత్తగా చేరేవాళ్ళకి ముందు ఇదే ఇస్తాను. దేనిమీదైనా అంటించుకుని వేళ్ళు నడపడం నేర్చుకో. బొటనవేలు ఒకటి, చిటికెన వేలు అయిదు, రెండు చేతులకీ అదే లెక్క. నువ్వడిగిన పాట జిరాక్సు తీసి, ప్రతి స్వరం మీదా అది ఏ మెట్టో గుర్తూ, వేలి అంకె వేశాను. చప్పుడు సంగతి ఆలోచించకు, అది తర్వాత వస్తుంది.

ఒక్క నియమం. నేను చెప్పేదాకా వేరే ఎవరి పియానో మీదా చెయ్యి పెట్టకు. మొదట్లోనే రకరకాలవి ముట్టుకుంటే చెయ్యి చెడిపోతుంది. అక్కవైతే అయ్యావు, గురువు మాట వినాలి.

చెల్లి


కత్తిరింపు గది,
అన్నాల వేళ

గురువుగారికి,

మొక్కతో ఎవరూ పియానో చెయ్యరమ్మా. మానుని నరికే చేస్తారు. కాబట్టి నా సంగతి నువ్వు దిగులు పెట్టుకోకు.

నీ కాగితాన్ని మందపాటి అట్ట మీద అంటించాను. పొద్దున ఇంట్లో, మధ్యాహ్నం ఇక్కడ కత్తిరింపు బల్ల మీద. డబ్బాలో నాలుగు ముద్దలు గబగబా తినేసి చేతులు కడుక్కుని కూర్చుంటాను. మొదటి వారం ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు. కాజాలు కుట్టే ఆవిడ చెవి అట్టకి ఆనించి, "అబ్బ, ఏం పాట వదినా, తలనొప్పి ఉన్నవాళ్ళు కూడా వినొచ్చు" అంది. ఇస్త్రీ చేసే అతను రోజూ వచ్చి "ఇవాళ శ్రుతి కుదిరిందా?" అని అడుగుతాడు. ఆటపట్టించనీ. నాకు మాత్రం వినిపిస్తోంది. బొటనవేలు కింద నుంచి దూర్చి చూపుడు వేలు దాటించడం రావడానికి చాలా అవస్థ పడ్డాను. అది వచ్చిన రోజు పాట తలలో అలా మోగుతూనే ఉంది, రెండు కాలర్లు తిరగేసి కత్తిరించాను. నా చేతిలో అలాంటి పొరపాటు ఎవరూ చూడలేదు. మేనేజరు కూడా నవ్వాడు.

కుడిచెయ్యి పాట చివరిదాకా వచ్చేసింది. ఎడమచెయ్యి మొదలుపెట్టాను. ఉంగరపు వేలు పొద్దున మొరాయిస్తుంది, వేణ్ణీళ్ళలో నానబెట్టి బతిమాలితే కదులుతుంది.

ఇంత సంతోషం నాకు ఎప్పుడు కలిగిందో గుర్తు లేదు. రాయాలనిపించింది, రాశాను. పియానో ఎప్పుడు పంపుతావు?

అక్క


ముందు గది

అక్కా,

అప్పుడే ఎడమచెయ్యా! అంత తొందరెందుకు? ఎక్కాలు రాకుండా లెక్కలు చెయ్యకూడదు. మణికట్టు కిందికి జారనివ్వకు, కొత్తవాళ్ళందరూ చేసే తప్పే అది. కుడిచెయ్యే ఇంకో రెండు నెలలు చెయ్యి.

మా వార్షిక కార్యక్రమం దగ్గర పడుతోంది, ఊపిరాడటం లేదు. నీ సంగతి పిల్లల తల్లిదండ్రులకి చెబితే ఎంత ముచ్చటపడ్డారో! ఒకాయన వెంటనే వాళ్ళ అత్తగారిని చేర్పించాడు. కొత్త కరపత్రంలో నీ గురించి ఒక వాక్యం వేయిస్తున్నాను. పేరేమీ పెట్టను, "మా అక్క" అనే.

పియానో సంగతి చూద్దాం అన్నాను కదా.

చెల్లి


మేడ మీది గది,
చలి మొదలైంది

చెల్లాయ్,

నువ్వు రెండు నెలలు ఆగమంటే నా వేలు ఆగేలా లేదు. డాక్టరు ఈసారి వేలు పట్టుకుని వంచి చూశాడు. చీటీలో ఏదో రాసుకున్నాడు. అడిగితే "వాడుతూ ఉండండి" అన్నాడు. వాడటానికేగా నేను ఇంత పాటు పడుతున్నది. అందుకని నీ మాట వినలేదు, రెండు చేతులూ కలిపేశాను. మొదటి పేజీ నడుస్తోంది. ఎడమచెయ్యి పెద్ద అంగవేసి, చిటికెన వేలి నుంచి బొటనవేలి దాకా చాచి పట్టుకునే చోటుంది చూడు, అక్కడ ప్రాణం పోతుంది. కానీ అందుతోంది. కాగితం మీద ప్రతిసారీ సరిగ్గా గీతల మధ్యలో పడుతోంది.

అడిగిన ప్రతిసారీ చూద్దాం చూద్దాం అంటున్నావు. సరే, పంపకపోతే మానె, నేనే వస్తాను. వచ్చే శనివారానికి సెలవు అడిగాను, ఇచ్చారు. అమ్మ పియానో ముందు ఒక్కపూట కూర్చుంటాను. తప్పొప్పులు చెవితో విని తిరిగొచ్చేస్తాను. నీ క్లాసులకి అడ్డం రాను, పిల్లలు వెళ్ళాకే కూర్చుంటాను. కాదనకు.

అక్క


ముందు గది

అక్కా,

ఈ శనివారం రావద్దు. ఇంటికి రంగులు వేయిస్తున్నాను, సామానంతా కుప్పపోసి గుడ్డలు కప్పి ఉంది. కూర్చోవడానికి కాదు, నించోవడానికి కూడా చోటు లేదు. పియానో మీద వేలు పెట్టే పరిస్థితి లేదు.

దానికంటే మంచి మాట చెబుతాను. వార్షిక కార్యక్రమానికి రా. నేరుగా హాలుకే వచ్చెయ్, పొద్దున్నే అక్కడి పియానో దగ్గర నిన్ను కాసేపు కూర్చోబెడతాను. చివర్లో నువ్వు స్టేజీ ఎక్కుతావు. పాటంతా అక్కర్లేదు, నాలుగు వరసలు చాలు. తప్పు పోయినా ఎవరూ పట్టించుకోరు. ఈ వయసులో కూర్చుందంటేనే చప్పట్లు కొడతారు. ఆహ్వానాల్లో వేయించేశాను, కాదంటే నా పరువు పోతుంది.

వచ్చేటప్పుడు మంచి బట్టలు తెచ్చుకో.

చెల్లి


మేడ మీది గది

చెల్లాయ్,

గురువు మాట తప్పాను. వేరే పియానో ముట్టుకున్నాను.

చప్పట్లు ఎలాగూ కొడతారన్న నీ మాట నాకు పడలేదు. నిజంగా వాయించి కొట్టించుకోవాలనుకున్నాను. అందుకని అంతమంది ముందు కూర్చునే లోపల ఒక్కసారైనా అసలు పియానో ముట్టుకుందామని, మా పేటలో సంఘం హాలు ఉంది కదా, అక్కడ పియానో ఉందని విని వెళ్ళాను. అక్కడ పాఠాలు చెప్పే పెద్దావిడ ఉంది. మా చెల్లి టీచరు, నాకు పాట వచ్చు, ఒక్కసారి వాయించుకుంటానని అడిగాను. "రండమ్మా, దానికేం" అంటూ తనే మూత తీసి, పక్కకి తప్పుకుంది.

కూర్చున్నాను. మొదటి మెట్టు మీద వేలు వేస్తే చప్పుడు రాలేదు. బలంగా నొక్కాలని నాకు తెలియదు. అది అంత బరువుంటుందని నువ్వు చెప్పలేదు, కాగితానికి బరువు ఉండదు. గట్టిగా నొక్కాను, మోగింది. ధైర్యం వచ్చి మొదలుపెట్టాను. మొదటి వరస సగానికే పాట పాటలా లేదు. ఇక పెద్ద అంగ వేసే చోట నా చెయ్యి తనకి తెలిసినంత దూరం చాచి ఆగింది. అక్కడ వేరే మెట్టు ఉంది. మళ్ళీ వేశాను, మళ్ళీ అదే. నెలల తరబడి ఒక్కసారి కూడా గురి తప్పని చెయ్యి, ప్రతిసారీ పక్కింటి తలుపు కొట్టింది. వినడానికి రోత పుట్టింది. ఆవిడ మాత్రం మొహం చిట్లించుకోలేదు.

"ఇంతకుముందు ఏ పియానో మీద వాయించారమ్మా?" అని అడిగింది.

"కాగితం మీద" అన్నాను.

"తెచ్చారా?"

సంచిలోంచి తీసిచ్చాను. ఆవిడ దాన్ని మెట్ల మీద పరిచి మొదటి గీతకి మొదటి మెట్టు కలిపి పట్టుకుంది. కాగితంలో ఎనిమిదో మెట్టు, అసలు పియానోలో ఏడో మెట్టు మీదే అయిపోయింది. "ఇది చిన్నపిల్లలకిచ్చేదమ్మా. వాళ్ళ చెయ్యి చాలదని తగ్గించి అచ్చువేస్తారు. మీకెవరిచ్చారు?" అంది. నేను కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

ఇప్పుడు నా మాట విను. ఈ ఫ్యాక్టరీలో చేరినప్పటి నుంచి కొలత చూడని నమూనా అట్ట పెట్టి నేను గుడ్డ మీద కత్తెర వెయ్యలేదు. మేనేజరు స్వయంగా తెచ్చినా సరే, ముందు టేపు వేస్తాను, తర్వాతే కత్తెర. నీ కాగితానికి వెయ్యలేదు. సొంత చెల్లెలు పంపినదానికి టేపు వేసేదేమిటి అనుకున్నాను. మెడలోనే వేలాడుతోంది టేపు, ఇన్ని నెలలూ దాని మీదకి వంగే వాయించాను.

నువ్వు టీచరువి. ఆ కాగితం ఎవరికిచ్చేదో నీకు తెలియదా? తెలిసే పంపావా? వేరే ఎవరి పియానో ముట్టుకోవద్దన్నది ఇందుకేనా? అమ్మ పియానో ఎక్కడుంది? రంగులూ గుడ్డలూ చెప్పకు. తిన్నగా రాయి.

అక్క


ముందు గది

అక్కా,

తిన్నగానే రాస్తున్నాను.

అది ఐదేళ్ళ పిల్లల కాగితమే. ఎదురుగా కట్టలో ఉంటే ఒకటి తీసి కవరులో పెట్టాను. నువ్వు నెల తిరక్కుండా మానేస్తావనుకున్నాను. అందరూ మానేస్తారు. మానేసేదానికి ఏ కాగితమైతేనేం అనుకున్నాను. నువ్వు ఎడమచెయ్యి మొదలుపెట్టానని రాసిన రోజు భయం వేసింది. అప్పుడు పెద్ద కాగితం పంపితే చిన్నదెందుకు పంపావని అడుగుతావు. ఏం చెప్పాలో తోచక ఆగమన్నాను. ఆ నియమం మాత్రం మొదట్లోనే పెట్టాను. ఎక్కడైనా ముట్టుకుంటే నిజంగానే మోజు పుడుతుందని, అప్పుడు పియానో కోసం పట్టుబడతావని.

పియానో లేదు. అమ్మ పోయిన ఏడాదిలోనే దాన్ని దుకాణంలో మార్పిడికి ఇచ్చి కొత్తది తెచ్చుకున్నాను. పాతదాని మీద సగం మెట్లు పలికేవి కావు. నిన్ను అడగాల్సింది. అడిగితే వద్దంటావని అడగలేదు. నువ్వు ఎప్పటికీ అడగవనుకున్నాను.

నువ్వు తిట్టుకుంటున్నావని తెలుసు. నాదీ ఒక మాట విను. నన్ను పియానో ముందు కూర్చోబెట్టి నిన్ను పనికి పంపారని నీకు కడుపులో ఉంది. ఎప్పుడూ అనలేదు, కానీ ఉంది. నేను అడిగానా ఆ స్టూలు? బయట పిల్లలు ఆడుతుంటే నేను అక్కడ కూర్చునేదాన్ని. తప్పు పోయినప్పుడల్లా అమ్మ, "అక్క అక్కడ చేతులు పగలగొట్టుకుంటోంది, నువ్విక్కడ ఇలా వాయిస్తావా?" అనేది. నువ్వు గిన్నెలు తోముతూ హాయిగా విన్న పాట అదే. నువ్వు ఇంట్లో అడుగుపెట్టగానే నా వేళ్ళు తడబడేవి. నాకా పాటంటే అసహ్యం. ఇన్నేళ్ళ టీచరు పనిలో ఒక్క పిల్లకీ దాన్ని నేర్పలేదు. నువ్వు అదే కావాలని రాసేసరికి నాకు ఒళ్ళు మండింది. కావాలని చిన్న కాగితం ఎంచి పంపలేదు, కానీ సరైనది ఎంచాలనీ చూడలేదు. అంతవరకు నా తప్పు.

జరిగిందేదో జరిగింది. కార్యక్రమానికి మాత్రం రా. అందరూ నీకోసం చూస్తున్నారు. ఎడమచెయ్యి నేను వాయిస్తాను, నువ్వు కుడిచెయ్యి వాయించు. ఇద్దరం ఒకే స్టూలు మీద పక్కపక్కన కూర్చుందాం. అక్కాచెల్లెళ్ళు కలిసి వాయిస్తే ఇంకా బాగుంటుంది. నీ వేలికి కూడా శ్రమ ఉండదు. కొత్త పియానో ఉంది కదా, ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి వాయించుకో. నీది కాదని ఎవరన్నారు?

చెల్లి


సంఘం హాలు, వెనక బెంచీ

చెల్లాయ్,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. కోపంలో రాస్తే, కోపమొచ్చినప్పటి నాన్నలా తిట్లే వరసగా రాస్తానని భయం.

అమ్మ నా పేరు చెప్పి నిన్ను తిట్టేదని నాకు తెలియదు. తెలిస్తే అడ్డుపడేదాన్ని. నిజంగా అంటున్నాను, ఆ చిన్నపిల్లని తలచుకుంటే బాధగానే ఉంది. కానీ ఆ బాకీ నా దగ్గర వసూలు చేసుకున్నావు. నేను నిన్ను ఆ స్టూలు మీద కూర్చోబెట్టలేదు. ఆ సాయంత్రాల్లో నాకు దొరికింది గోడ అవతల ఆ పాట ఒక్కటే.

పియానో పోతే పోయింది, చెక్క సామాను. నువ్వు ఎప్పటికీ అడగవనుకున్నానని రాశావు చూడు, మానేస్తావనుకున్నానని రాశావు చూడు, ఆ రెండూ నన్ను కోశాయి. నీకు తెలిసిన అక్క అంటే అడగనిది, మానేసేది. మనది ఒకే ఇల్లు, ఒకే కంచం. ఇంతకాలంలో నా గురించి నువ్వు తెలుసుకున్నది అదేనా?

డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఉంగరపు వేలు ఇక వంగదు. పక్కన చిటికెన వేలు కూడా దాని దారే పట్టింది. ఆ నెలల్లో అసలు మెట్ల ముందు కూర్చుని ఉంటే రెండు చేతులతో ఒక్కసారైనా వాయించి ఉండేదాన్ని. నా ఎడమచేతికి మిగిలిన నెలలు అవే. వాటిని నీ పిల్లల కాగితం మీద పెట్టాను. దీనికి నువ్వు చెప్పే జవాబు ఏమీ లేదు, రాయకు కూడా.

ఇక్కడి టీచరమ్మ దగ్గర చేరాను. "ఏమీ రాని చెయ్యి అయితే నాకు తేలికమ్మా, మీది ముందు మరిపించాలి" అని మొహమాటం లేకుండా చెప్పింది. కాబట్టి మరవడం నేర్చుకుంటున్నాను. బొటనవేలు ఒకటి, చూపుడువేలు రెండు. పక్కన ఏడేళ్ళ పిల్ల నాకంటే ముందుంది. నన్ను చూసి నవ్వుతుంది, నేనూ నవ్వుతాను. మెట్లు ఎంత దూరంగా ఉన్నాయో చేతికి ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.

కార్యక్రమానికి రాను. ఆహ్వానాల్లో వేసింది నువ్వే, కొట్టివేసేదీ నువ్వే. కరపత్రంలో "మా అక్క" అన్న మాట తీసెయ్. వయసుతో పని లేదన్న మాట ఉంచుకో, అది నిజమే.

నీ కొత్త పియానో నాకు వద్దు. ఎడమచెయ్యి నేను వాయిస్తానన్నావు, అదీ వద్దు. ఆ పాటని నేను కుడిచేత్తోనే నేర్చుకుంటాను. చివరిదాకా నేర్చుకుంటాను. వినేవాళ్ళకి కింద ఏదో లేనట్టుంటుందని టీచరమ్మ ముందే చెప్పింది. కావాలంటే తను పక్కన కూర్చుని ఎడమచెయ్యి కలుపుతానంది. అక్కర్లేదన్నాను. లేనిది లేనట్టే వినిపించనీ.

అక్క